పాత అవుట్‌బోర్డ్ మోటారులో బలం తగ్గడం: కారణాలు, పరీక్షలు

పడవ వెనుక పలకకు బయటివైపు బిగించి, పని అయ్యాక విప్పి భుజాన మోసుకుపోగలిగే ఇంజనును అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. పైన సిలిండర్లు, మధ్యలో నిలువు ఇరుసు, అడుగున నీళ్లలో మునిగి ఉండే గేర్లు, ఫ్యాను. ఇవన్నీ కలిసి ఒకే కాడగా ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో సంతబొమ్మాళి నుంచి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా సాగే ఇసుక తీరంలో దీన్ని ‘మోటారు’ అనో ‘ఇంజను’ అనో పిలుస్తారు. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో పనిచేసిన మోటారుకు తరచూ వచ్చే జబ్బు, తరచూ తప్పుడు వైద్యం జరిగే జబ్బు ఒకటుంది. తాడు లాగగానే అంటుకుంటుంది, శబ్దం బాగానే ఉంటుంది, కానీ పడవను లాగదు.

ఆగిపోయిన మోటారు కంటే లాగని మోటారే ఈ తీరంలో ఎక్కువ ప్రమాదం. ఈ తీరం వెంట ఉన్న ఉద్దానం ప్రాంతపు పల్లెల్లో చాలాచోట్ల అలలను అడ్డుకునే గట్లున్న రేవు లేదు. ఒడ్డున విరిగే కెరటాలను దాటితేనే వేట, మళ్లీ వాటిని దాటితేనే ఇల్లు. అసలు అంటుకోని మోటారు మనిషిని ఒడ్డునే ఉంచేస్తుంది. సగం బలంతో తిరిగేది మాత్రం సముద్రంలోకి తీసుకుపోయి, తిరుగు ప్రయాణంలో కెరటం వెనుక నుంచి ఎత్తినప్పుడు చేతులెత్తేస్తుంది. అందువల్ల బలం తగ్గడాన్ని ఖర్చు పెంచే ఇబ్బందిగా కాక ప్రాణాలకు సంబంధించిన లోపంగా చూడాలి.

ఈ వ్యాసం ప్రధానంగా రెండు స్ట్రోకులతో, కార్బ్యురేటర్‌తో పనిచేసే చిన్న మోటార్ల గురించి. డీజిల్ ఇంజన్ల ప్రస్తావన చివర్లో క్లుప్తంగా ఉంటుంది.

తీరానికి మోటారు వచ్చిన దారి

అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి పెట్టిన ఒకటిన్నర హార్స్‌పవర్ యంత్రంతో అవుట్‌బోర్డ్ మోటారు వ్యాపారం నిలదొక్కుకుంది. జపాన్‌లో యమహా 1960లో, సుజుకి 1965లో తమ తొలి మోటార్లు తెచ్చాయి. ఆసియా, ఆఫ్రికా తీరాల్లో చిన్న మత్స్యకారుడి చేతికి ఎక్కువగా అందినవి ఈ జపాన్ మోటార్లే. భారతదేశంలో చేపల పడవలకు ఇంజన్లు బిగించే ప్రయత్నం కేరళలో 1953లో మొదలైన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టుతో ఊపందుకుంది. అయితే ఆ ప్రాజెక్టు చూపు పెద్ద పడవల మీదే ఉంది. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో మొదలైన బంగాళాఖాత కార్యక్రమం తూర్పు తీరం సమస్యను సరిగ్గా పట్టుకుంది. రేవు లేని చోట ఇసుక మీద నుంచే సముద్రంలోకి తోసి, ఇసుక మీదికే తిరిగి లాక్కోగలిగే మోటారు పడవ కోసం ప్రయోగాలు చేసింది. అప్పటి కర్ర తెప్పల స్థానంలోకి క్రమంగా ఫైబర్ తెప్పలు, ఫైబర్ పడవలు వచ్చాయి. వాటి వెనుక పెట్రోలు మోటార్లు, పెట్రోలుతో మొదలై వేడెక్కాక కిరోసిన్ మీద నడిచే మోటార్లు, పొడవాటి ఇరుసున్న డీజిల్ ఇంజన్లు చేరాయి.

పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి రెండు స్ట్రోకుల కార్బ్యురేటర్ మోటార్ల కాలం దాదాపు ముగిసింది. అమెరికా 1996లో తెచ్చిన పొగ నియమాలు 1998 నుంచి దశలవారీగా అమలై వాటిని మార్కెట్ నుంచి తప్పించాయి. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. మన తీరంలో అవి ఇంకా బతికే ఉన్నాయి. తేలిక, తక్కువ భాగాలు, ఒడ్డునే విప్పి బిగించుకోగలిగే కట్టుబడి వాటిని నిలబెట్టాయి. ఇబ్బంది విడిభాగాల దగ్గరే. మందస ప్రాంతం నుంచి సరైన భాగం కోసం దాదాపు 200 కిలోమీటర్లు ప్రయాణించి విశాఖపట్నం పోవలసి వస్తే, జబ్బేమిటో తెలియకుండా అదీ ఇదీ మార్చి చూడటం పేదవాడు భరించగల పద్ధతి కాదు. కొలిచాకే విప్పాలి, విప్పాకే కొనాలి.

ముందు మోటారు బయట చూడాలి

ఫిర్యాదు మోటారు మీద వచ్చినా లోపం మోటారులో ఉండాలని లేదు. రెండు స్థితులను వేరు చేసుకుంటే సగం దారి తెలుస్తుంది. ఇంజను గొంతు పెంచి వేగంగా తిరుగుతూ ఉంటే, పడవ మాత్రం కదలకపోతే, బలం పుడుతోంది కానీ నీటికి చేరడం లేదని అర్థం. ఇంజనే గొంతు పెంచలేక బరువుగా మూలుగుతుంటే బలం పుట్టడం లేదు, లేదా మోయలేనంత భారం మీద పడింది.

మొదటి స్థితిలో ఫ్యానును అనుమానించాలి. ఫ్యాను మధ్యభాగంలో, ఇరుసుకు రెక్కలకు నడుమ, ఒక రబ్బరు బుష్ ఉంటుంది. రాయి తగిలినా, ఒడ్డున నేలకు తగిలినా గేర్లు విరగకుండా అది జారుతుంది. పాతబడ్డాక గట్టిగా లాగిన ప్రతిసారీ జారిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఫ్యాను లోపలి భాగం మీదుగా బయటి భాగం దాకా పెయింటుతో ఒక గీత గీసి, ఒకసారి వేటకు పోయి వచ్చాక చూడాలి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే బుష్ పోయినట్టే. ఇసుక తిన్న రెక్కల అంచులు, వంగిన రెక్క కూడా బలాన్ని మింగేస్తాయి. నురగ నిండిన కెరటాల్లో ఫ్యాను గాలిని పీల్చి ఉత్తినే తిరుగుతుంది. మోటారును పలక మీద మరీ ఎత్తున బిగించినా ఇదే జరుగుతుంది. ఫ్యాను పైనుండే అడ్డురేకు పడవ అడుగు మట్టానికి ఇంచుమించు సమంగా ఉండాలన్నది సాధారణ కొలత. మోటార్లు పొట్టి కాడతో 15 అంగుళాల ఎత్తు పలకకు, పొడుగు కాడతో 20 అంగుళాల ఎత్తు పలకకు సరిపడేలా వస్తాయి. సెకండ్ హ్యాండులో కొన్న మోటారు కాడ తమ పడవ పలకకు సరిపోతుందో లేదో చాలామంది కొలవరు.

రెండో స్థితిలో ముందుగా ఫ్యాను వెనుక చుట్టుకున్న వలదారాన్ని వెతకాలి. నైలాన్ దారం ఇరుసును బిగించడమే కాక, లోపలికి కోసుకుపోయి గేరు పెట్టె సీలును తెంపుతుంది. గేరు ఆయిల్ పాలరంగులోకి మారితే నీళ్లు దిగినట్టు. తర్వాత పడవ బరువు. ఫైబర్ తెప్పల పొరల మధ్య నింపే నురుగు, పైపొర పగిలితే ఏళ్ల తరబడి నీళ్లు పీల్చుకుంటుంది. కొత్తలో నలుగురు ఎత్తిన తెప్పకు ఇప్పుడు ఆరుగురు కావలసి వస్తుంటే, మోటారు ముసలిదైందని అనుకునే ముందు తెప్ప ఎంత నీరు తాగిందో చూడాలి. ఎక్కువ రోజులు నీళ్లలోనే కట్టి ఉంచిన పడవకు అడుగున పట్టే నత్తగుల్లలు, నాచు కూడా వేగాన్ని గట్టిగా దెబ్బతీస్తాయి.

చివరగా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు కార్బ్యురేటర్ గొంతులోని రేకు నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా? కేబుల్ సాగి సగమే తెరుచుకుంటే పూర్తి బలం రాదు. మూత తీసి కంటితో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. సరళమైనది కనుకే దీన్ని దాటేసి అందరూ నేరుగా కార్బ్యురేటర్ విప్పుతారు.

కంప్రెషన్: అన్నిటికంటే ముందు కొలత

మోటారు లాగడం లేదనగానే కార్బ్యురేటర్ శుభ్రం చేయడం తీరమంతటా ఉన్న అలవాటు. అది చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కానీ పిస్టన్ రింగులు అరిగిన మోటారుకు ఎన్నిసార్లు కార్బ్యురేటర్ కడిగినా ఉపయోగం లేదు. అందువల్ల సిలిండర్ ఎంత గట్టిగా గాలిని నొక్కగలుగుతోందో ముందు తేల్చాలి. దానికి కావలసింది కంప్రెషన్ గేజి అనే చిన్న సాధనం. మోటారు సైకిళ్లు బాగుచేసేవాళ్లకు ఇది తెలిసినదే.

పద్ధతి ఇది. అన్ని ప్లగ్గులూ తీసేయాలి. నిప్పు పుట్టకుండా ఆపు స్విచ్చి తాడు లాగి ఉంచి, ప్లగ్గు తీగలను ఇంజను లోహానికి తాకించి పెట్టాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తెరవాలి. గేజిని ప్లగ్గు రంధ్రంలో బిగించి, ముల్లు ఇక పైకి పోనని నిలిచేదాకా తాడును నాలుగైదుసార్లు బలంగా లాగాలి. ప్రతి సిలిండర్ అంకెనూ రాసుకోవాలి. చిన్న రెండు స్ట్రోకుల మోటార్లలో చదరపు అంగుళానికి దాదాపు 100 నుంచి 130 పౌండ్లు మామూలుగా కనిపించే ఒత్తిడి. మోడల్‌ను బట్టి, గేజిని బట్టి ఇది మారుతుంది. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి 110, మరొకటి 105 ఉంటే ఆరోగ్యమే. ఒకటి 110, మరొకటి 80 ఉంటే మిగతా పరీక్షలన్నీ ఆపి ఆ సిలిండర్ సంగతి చూడాలి. సాధారణంగా 10 నుంచి 15 శాతం దాటిన తేడాను లోపంగా లెక్కిస్తారు.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు, సిలిండర్ గోడలు అరిగాయి. పెరగకపోతే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. పక్కపక్క సిలిండర్లు రెండూ సమానంగా పడిపోయినా గాస్కెట్ వైపే చూడాలి. గాస్కెట్ దగ్గర నీళ్లు లీకవుతుంటే ఆ సిలిండర్ ప్లగ్గు ఆవిరితో కడిగినట్టు తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. మిగతా ప్లగ్గులు మసితో ఉండగా ఒకటే మెరిసిపోతుంటే సంతోషించకూడదు.

రెండు స్ట్రోకుల ఇంజనుకు మరో గుట్టు ఉంది. పిస్టన్ అడుగున ఉన్న క్రాంక్ పెట్టె కూడా పంపులా పనిచేసి ఇంధన మిశ్రమాన్ని సిలిండర్‌లోకి నెడుతుంది. క్రాంక్ ఇరుసు సీళ్లు పోయినా, లోపలికి మాత్రమే తెరుచుకోవలసిన పలుచని రీడ్ వాల్వ్ రేకులు విరిగినా, పైన కంప్రెషన్ సరిగ్గా ఉండగానే బలం పోతుంది. కార్బ్యురేటర్ మూతి నుంచి ఇంధనం వెనక్కి తుంపర్లుగా ఎగజిమ్మితే రీడ్ వాల్వ్‌ను విప్పి చూడాలి.

ప్లగ్గు, నిప్పు

రెండు సిలిండర్ల మోటారులో ఒకటి నిద్రపోతే సగం బలం మిగలాలి అనిపిస్తుంది. నిజానికి అంతకంటే తక్కువే మిగులుతుంది, ఎందుకంటే పనిచేసే సిలిండర్ చచ్చిన సిలిండర్‌ను కూడా మోయాలి. ఇలాంటి మోటారు నెమ్మదిగా తిరిగేటప్పుడు మామూలుగానే వినిపించి, బరువు పడగానే కుంగిపోతుంది.

ప్లగ్గు రంగు నిజం చెబుతుంది. కాఫీ గోధుమరంగు ఆరోగ్యం. తడి నలుపు అంటే నిప్పు లేదు, లేదా ఇంధనం ఎక్కువ. సున్నపు తెలుపు అంటే ఇంధనం తక్కువై విపరీతంగా వేడెక్కుతోంది. రెండు ప్లగ్గుల రంగు వేరువేరుగా ఉంటే ఆ తేడాయే దారి చూపుతుంది. ఇక నడిచే మోటారు మీద ప్లగ్గు టోపీని చేత్తో పీకి చూసే అలవాటు మానాలి. తడి పడవలో, తడి చేతులతో వేల వోల్టుల విద్యుత్తును ముట్టుకోవడం ఒక ప్రమాదమైతే, దారి దొరకని విద్యుత్తు పాత ఎలక్ట్రానిక్ పెట్టెను కాల్చేయడం మరో నష్టం. గాలిలో ఖాళీని దాటించి చూపే నిప్పు పరీక్ష పరికరం తక్కువ ధరకే దొరుకుతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న మోటారులో ఆరోగ్యకరమైన నిప్పు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీని నీలిరంగులో, చిటపటమని దాటాలి. సన్నగా, పసుపురంగులో వస్తే కాయిల్, దాని తీగలు చూడాలి.

చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి పావుగంట తర్వాత కుంగే మోటారులో కాయిల్ వేడికి లోపల తెగుతూ ఉండవచ్చు. దాన్ని చల్లగా ఉన్నప్పుడు పరీక్షిస్తే ఏ లోపమూ కనిపించదు. వేడిగా ఉన్నప్పుడే చూడాలి. ఆపు స్విచ్చి తీగలు ఉప్పుకు కుళ్లి, నిప్పును కొంచెం కొంచెంగా లోహంలోకి లాగేయడం ఈ తీరపు మోటార్లలో చూడవలసిన మరో చోటు. ఇక చాలామంది మెకానిక్‌ల దృష్టి దాటిపోయేది టైమింగ్. చిన్న మోటార్లలో యాక్సిలరేటర్ తిప్పితే రెండు పనులు జరుగుతాయి. కార్బ్యురేటర్ తెరుచుకుంటుంది, అదే సమయంలో ఫ్లైవీల్ కింది పలక జరిగి నిప్పును ముందుకు తెస్తుంది. ఆ లింకు ఊడినా, మరమ్మతు తర్వాత తప్పుగా బిగించినా ఇంధనం పెరుగుతుంది కానీ నిప్పు ఆలస్యంగానే పడుతుంది. మోటారు గొంతు పెరగదు. ఫ్లైవీల్‌ను ఇరుసుకు పట్టి ఉంచే చిన్న తాళపు ముక్క సగం తెగి జరిగినా ఇదే లక్షణం.

ఇంధనం, వేట విరామం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు పడవల వేట నిషేధం. చేపల సంతానోత్పత్తికి ఇది అవసరం. అయితే మోటారుకు మాత్రం ఈ 61 రోజులే ఏడాదిలో గడ్డుకాలం. ఎండలు మండే ఆ నెలల్లో కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలిపోయిన పెట్రోలు ఆవిరైపోయి, కలిపిన ఆయిల్‌తో కలిసి జిగురుగా అడుగున పేరుకుంటుంది. ఇంధనాన్ని కొలిచి పంపే ప్రధాన జెట్ రంధ్రం సూది మొనంత ఉంటుంది. దాని అంచుకు పట్టిన పలుచని పొర చాలు. జూన్ మధ్యలో తొలి వేటకు మోటారు అంటుకుంటుంది, నెమ్మదిగా బాగానే తిరుగుతుంది, కెరటం దాటడానికి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే ఊపిరి అందక కుంగుతుంది. నైరుతి గాలుల వల్ల కెరటాలు పెద్దవయ్యే కాలమూ అదే.

దీని నివారణ రెండు నిమిషాల పని. చివరి వేట రోజున ఇంధనం పైపు విప్పి మోటారును దానంతటది ఆగేదాకా నడిపి, తర్వాత గిన్నె అడుగు స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు కార్చేయాలి. జెట్ ఇప్పటికే మూసుకుంటే క్లీనర్ ద్రవంతో, గాలితో శుభ్రం చేయాలి. రాగి తీగ, ఇనుప సూది దూర్చకూడదు. రంధ్రం రవ్వంత పెద్దదైనా ఇంధనం కొలత ఎప్పటికీ తప్పుతుంది.

కార్బ్యురేటర్ దాకా పోకముందే తేల్చుకోదగినవి ఇంకా ఉన్నాయి. మోటారు కుంగుతున్న క్షణంలో పైపు మధ్యలోని రబ్బరు బల్బును చేత్తో నొక్కి చూడాలి. నొక్కగానే మోటారు కోలుకుంటే ఇంధనం అందడం లేదని తేలిపోయింది. లోపం బల్బుకు ఇటు ట్యాంకు వైపైనా, అటు పంపు వైపైనా ఉంటుంది. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచారా? అది మూసి ఉంటే కాసేపు నడిచాక ట్యాంకులో గాలి పలుచబడి ఇంధనం రావడం ఆగుతుంది, బల్బు నొక్కుకుపోతుంది. పైపు చివరి కనెక్టర్‌లోని రబ్బరు రింగు చీలితే ఇంధనంతో పాటు గాలి వస్తుంది. పాత పైపు బయటికి బాగానే కనిపిస్తూ లోపలి పొర ఊడి అడ్డం పడుతుంది. వీటన్నిటినీ ఒక్క దెబ్బతో వేరు చేసే పద్ధతి, బాగా పనిచేస్తున్న మరో పడవ ట్యాంకును, పైపును తెచ్చి తగిలించడం. బలం తిరిగి వస్తే మోటారు జోలికే పోనక్కరలేదు.

మోటారు మీదున్న ఇంధన పంపు క్రాంక్ పెట్టెలోని ఒత్తిడి హెచ్చుతగ్గులతో కొట్టుకునే పలుచని పొరతో నడుస్తుంది. ఆ పొర గట్టిపడితే పూర్తి వేగానికి ఇంధనం చాలదు. చిల్లిపడితే ఇంధనం నేరుగా సిలిండర్‌లోకి పోయి పొగ కమ్ముతుంది, ప్లగ్గు తడుస్తుంది.

ఈ దశాబ్దంలో కొత్తగా చేరిన సమస్య ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా సాధారణమైంది. ఒక లీటరు ఇథనాల్‌లోని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే, కాబట్టి ఆ మిశ్రమంలో లీటరుకు శక్తి ఆరేడు శాతం తక్కువ. అంతకు మించిన ఇబ్బందులు మరో రెండు ఉన్నాయి. 1980లు, 1990ల నాటి రబ్బరు పైపులు, పొరలు ఇథనాల్‌ను తట్టుకునేలా చేసినవి కావు. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. మితి మించితే నీళ్లు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు వేరుపడతాయి. సముద్రపు గాలిలో, సగం ఖాళీ ట్యాంకులో ఇది త్వరగా జరుగుతుంది. గాజు సీసాలో కొంత ఇంధనం పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే, అడుగున వేరే పొర ఉందో లేదో ఉదయానికి తెలుస్తుంది. ఉన్నట్టయితే ఆ ట్యాంకు ఇంధనాన్ని పారబోయక తప్పదు. ఆ నష్టం పిస్టన్ ఖరీదు కంటే చిన్నది.

కిరోసిన్ మోటార్లది వేరే లెక్క. పెట్రోలుతో అంటించి, ఇంజను బాగా వేడెక్కాకే కిరోసిన్‌కు మార్చాలి. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు రావాలి. తొందరపడి చల్లని ఇంజనుకు కిరోసిన్ ఇస్తే అది సరిగ్గా కాలక ప్లగ్గు మీద, ఎగ్జాస్ట్ దారిలో మసిగా మిగులుతుంది. పెట్రోలుకు తయారైన మోటారులో ఖర్చు కలిసొస్తుందని కిరోసిన్ కలపడం ఇంకా పెద్ద పొరపాటు. కిరోసిన్ తక్కువ ఒత్తిడికే తనంతట అంటుకుని పిస్టన్‌ను టకటకమని కొడుతుంది. కొన్నాళ్లకు పిస్టన్ తలకు చిల్లి పడుతుంది.

ఉప్పు, ఇసుక, వేడి

రేవులో కట్టి ఉంచే పడవ మోటారు ఇసుకను పెద్దగా చూడదు. ఉద్దానం మోటారు మాత్రం రోజూ ఇసుక కలిసిన నీళ్లలోనే పుడుతుంది, అందులోనే ఆగుతుంది. మోకాలి లోతులో, కెరటం ఇసుకను కలియబెడుతున్న చోట మోటారు అంటించాలి. అలాంటి నీళ్లే చల్లబరిచే పంపులోకి పోతాయి. పంపులో ఉండేది రబ్బరు రెక్కల చక్రం. ఇసుక దాని అంచులను, అది తిరిగే లోహపు గిన్నెను కలిపి అరగదీస్తుంది. ఇసుక నీళ్లలో అంటించవద్దని చెప్పడం సులువు, కానీ అల దాటాలంటే అక్కడే అంటించాలి. అందుకే ఇక్కడ ఆచరించగల నియమం ఒక్కటే: రబ్బరు చక్రాన్ని పాడయ్యేదాకా ఆగకుండా ఏటా వేట విరామంలో మార్చేయడం. ఒడ్డున నీళ్లు లేకుండా మోటారును ‘ఒక్కసారి అంటించి చూద్దాం’ అనుకోవడం ఆ కొత్త చక్రాన్ని కూడా క్షణాల్లో చెడగొడుతుంది.

పంపు బాగానే ఉన్నా దారులు మూసుకోవచ్చు. టెక్కలి దాటాక నౌపడ ఉప్పుమళ్లలో ఎండకు సముద్రపు నీరు ఏమవుతుందో చూసినవారికి మోటారు లోపల ఏం జరుగుతుందో వివరించనక్కరలేదు. వేడి లోహం పక్కన నిలిచిన నీరు ఇంకిపోయి, ఉప్పు పొరలుగా గడ్డకట్టి, సన్నని నీటి దారులను, థర్మోస్టాట్‌ను బిగించేస్తుంది. ఇంజను వేడెక్కి, పిస్టన్ ఉబ్బి, సిలిండర్ గోడను రాసుకుంటూ తిరుగుతుంది. అప్పుడు బలం తగ్గడం ఇంజను పెట్టే చివరి మొర. వేడెక్కగానే వేగాన్ని తానే తగ్గించేసే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంటుంది. దాన్ని ఇంధనం లోపంగా పొరబడి యాక్సిలరేటర్ ఇంకా తిప్పేవాళ్లున్నారు.

మోటారు వెనుక నుంచి సన్నగా చిమ్మే నీటి ధారను ప్రతిసారీ చూడాలి. ధార సన్నబడితే ముందు దాని రంధ్రంలో ఇసుక ఉందేమో పుల్లతో పొడిచి చూసి, అప్పటికీ మారకపోతే పంపు విప్పాలి. వేట నుంచి రాగానే మంచినీళ్ల డ్రమ్ములో మోటారు కాలును ముంచి పది నిమిషాలు నడపడం దీర్ఘాయువుకు ఉన్న ఏకైక మందు. తోటబావి నీళ్లు చాలు. మంచినీళ్ల విలువ ఉద్దానానికి ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ ఒకే డ్రమ్ము నీళ్లను ఒకరి తర్వాత ఒకరు నాలుగైదు మోటార్లకు వాడుకోవచ్చు.

ఆయిల్, మసి

చాలా మోటార్లకు 50 భాగాల పెట్రోలుకు 1 భాగం ఆయిల్, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. అంతకంటే పాత తరం వాటికి 24కు 1, అంటే లీటరుకు దాదాపు 42 మిల్లీలీటర్లు. ఎక్కువ పోస్తే ఇంజనుకు మేలని చేతిలోకి వచ్చినంత కలిపేవాళ్లు మసిని పెంచుతున్నారు, పైగా అదే జెట్‌తో పెట్రోలు తక్కువ అందిస్తున్నారు. ఆయిల్ రకం అంతకంటే ముఖ్యం. బంకులో దొరికే స్కూటర్ టూ-టి ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసినది, కాలాక బూడిద మిగులుస్తుంది. నీటితో చల్లబడే మోటారుకు టీసీ-డబ్ల్యూ3 గుర్తున్న బూడిద లేని ఆయిల్ కావాలి. మసి రింగులను గాడిలోనే బిగించేస్తే కంప్రెషన్ పడిపోతుంది, ఎగ్జాస్ట్ దారిలో పేరుకుంటే కాలిన వాయువు బయటికి పోక కొత్త మిశ్రమానికి చోటుండదు. రింగులు విరగకుండా కేవలం అంటుకుపోయి ఉంటే మసిని కరిగించే ద్రవం పోసి నానబెట్టి విడిపించవచ్చు. దానికి ముందు తర్వాత కంప్రెషన్ కొలిస్తే ఫలితం అంకెల్లో కనిపిస్తుంది.

మునిగిన మోటారు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానం తోటలతో పాటు పడవలు, వలలు, ఇంజన్లు కూడా దెబ్బతిన్నాయి. ఉప్పునీళ్లలో మునిగిన మోటారు విషయంలో అసలు శత్రువు నీళ్లు కాదు, గాలి. బయటికి తీసిన మరుక్షణం నుంచే బేరింగులకు తుప్పు మొదలవుతుంది. బాగుచేసే తీరిక వెంటనే లేకపోతే మోటారును మంచినీళ్ల డ్రమ్ములో మునిగే ఉంచడం మేలు. తీరిక దొరకగానే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి, తలకిందులుగా తిప్పి నీళ్లు కార్చి, సిలిండర్లలో ఆయిల్ పోసి తాడు లాగి తిప్పి, అదే రోజు అంటించాలి. ఇసుక దిగిందని తెలిస్తే మాత్రం తాడు లాగకూడదు, పూర్తిగా విప్పాల్సిందే. అలా చేయకుండా నెల తర్వాత అంటించిన మోటార్లు నడిచినా పాత బలం తిరిగి రాకపోవచ్చు.

డీజిల్ ఇంజన్లు

పొడవాటి ఇరుసు డీజిల్ ఇంజన్లలో ప్లగ్గు, కార్బ్యురేటర్ ఉండవు. బలం తగ్గితే డీజిల్ ఫిల్టర్, పైపులో చేరిన గాలి, గాలి ఫిల్టర్, ఇంజెక్టర్ అనే వరుసలో చూడాలి. నల్లపొగ అంటే గాలి చాలడం లేదు, లేదా భారం ఎక్కువ. తెల్లపొగ అంటే డీజిల్ సరిగ్గా కాలడం లేదు. నీలిపొగ అంటే ఇంజను ఆయిల్ కాలుతోంది. ఫ్యాను, పడవ బరువు గురించి పైన చెప్పినదంతా వీటికీ వర్తిస్తుంది.

సముద్రం మీద ఉండగా

వేట మధ్యలో బలం తగ్గితే ముందు వేగం తగ్గించి, నీటి ధార చూడాలి. ధార ఆగితే వెంటనే మోటారు ఆపి చల్లారనివ్వాలి. ధార ఉంటే బల్బు నొక్కి, ట్యాంకు గాలి స్క్రూ చూసి, ఫ్యాను ఎత్తి దారం తీయాలి. ఇంతకు మించి నడి సముద్రంలో విప్పడం మంచిది కాదు. స్క్రూ ఒకటి నీళ్లలో పడితే సగం బలమూ ఉండదు. సగం బలంతో కెరటాల వరుసను ఒంటరిగా దాటే సాహసం చేయకుండా, విరిగే అల బయటే లంగరు వేసి మరో పడవ కోసం ఆగాలి. కోస్టుగార్డు 1554, తీరభద్రత పోలీసు 1093 నంబర్లు ప్రతి పడవలో అందరికీ కనిపించేలా రాసి ఉండాలి.

వేట విరామంలో చేయవలసినది

1963లో ఏర్పడిన కేంద్ర మత్స్య నౌకా, ఇంజనీరింగ్ శిక్షణ సంస్థకు విశాఖపట్నంలో శాఖ ఉంది. మెరైన్ ఫిట్టర్లను తయారుచేసే సంస్థ అది. భావనపాడు, మంచినీళ్లపేట, బారువ లాంటి ఊళ్ల యువకులు ఒకరిద్దరైనా అక్కడ చేరి నేర్చుకుని వస్తే ఊరి మోటార్ల ఆయుష్షు మారుతుంది. ఏప్రిల్, జూన్ మధ్య 61 రోజుల విరామంలో మత్స్యశాఖ ప్రతి పెద్ద ఊళ్లో మోటారు పరీక్షల శిబిరం పెట్టాలి. ఒక కంప్రెషన్ గేజి, ఒక నిప్పు పరీక్ష పరికరం, ఒక మంచినీళ్ల డ్రమ్ము, రబ్బరు చక్రాల పెట్టె ఉంటే శిబిరానికి చాలు. మత్స్యకార సంఘాలు అందాకా ఆగనక్కరలేదు. ఊరంతా కలిసి ఒక గేజి కొని, ప్రతి మోటారు అంకెలను ఒక నోటుపుస్తకంలో ఏటా రాయడం వచ్చే జూన్ 14 లోపే మొదలుపెట్టవచ్చు.